నడిమి కానా కింద

మా నాన్న నా పేరు చెప్పినప్పుడు నేను అరుగు చివర కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన నన్ను అడగలేదు. నా వైపు చూడనైనా లేదు. మోకాలి దాకా పిండికట్టుతో మడత మంచం మీద ఒరిగి, ఆర్ అండ్ బీ ఇంజినీరు శశిభూషణ్ గారితో, "నేను దిగలేకపోతే ఏవైందండి, మా బుజ్జిబాబు కూర్చుంటాడు," అన్నారు. చేలో నీళ్లు మావాడు కట్టుకొస్తాడు అన్నంత మామూలుగా అన్నారు.

నా చేతిలో కాఫీ తొణకలేదు. అది బాగా గుర్తు. భయం చేతుల్లోకి తర్వాత వచ్చింది. మొదట వచ్చింది చెవుల్లోకి. ఇంజినీరు గారు నవ్వడం కనిపించింది గాని వినిపించలేదు.

మా ఊరు మునగలపూడికీ కోరుకొండ రోడ్డుకీ మధ్య బొమ్మలేరు అనే వాగు ఉంది. దాని మీద రాతి వంతెన. రెడ్డిరాజుల కాలం నాటిదని అంటారు. రాతి దిమ్మలు నిలబెట్టి, వాటి మీద పొడుగాటి బండలు పరిచారు. రెండు దిమ్మల మధ్య ఖాళీని కానా అంటాం. ఎక్కడా సున్నం లేదు, బరువే బరువుని పట్టుకుని నిలబడింది. ప్రతి ఏడూ సార్వా కోతలయ్యాక కొత్త ధాన్యం మొదటి బండి వంతెన ఎక్కే వేళకి మా ఇంటి మగవాడు ఒకడు వాగులోకి దిగి నడిమి కానా కింద కూర్చుంటాడు. బండి దాటాక లేచి వస్తాడు. మా మనిషి కింద ఉన్నాడు, మీరు ధైర్యంగా నడవండి అని ఊరికి మా ఇల్లు ఇచ్చే పూచీ అది. మా తాత కూర్చున్నాడు. నాన్న నాకు ఊహ తెలిసినప్పటినుంచీ కూర్చుంటున్నారు. ఎవరికీ ఎప్పుడూ ఏమీ కాలేదు. ఏమీ కాలేదన్నది భయానికి జవాబు కాదని నాకు అప్పటికే తెలుసు. రాజమండ్రిలో బీఈడీ కాలేజీలో సైకాలజీ చెప్పేవాణ్ణి. పిల్లల భయాల గురించి కాబోయే టీచర్లకి ఏటా పాఠం చెప్పేవాణ్ణి.

రాజమండ్రిలో పాత రైలు వంతెన మీద రైళ్లు ఆపేసిన ఏడాది అది. అంతకు ముందు నవంబరు తుఫానుకి బొమ్మలేరు పొంగి, ఒక చెట్టు మొద్దు కొట్టుకొచ్చి మా వంతెన నడిమి కానాకి తగిలింది. పై బండల్లో ఒకటి పగిలింది. అప్పటినుంచీ ఊళ్లో సగం మంది కొత్త వంతెన కావాలంటున్నారు. శశిభూషణ్ గారు ఎస్టిమేటు వేసి తెచ్చారు. పాతది పడగొట్టి అదే చోట కాంక్రీటుది కట్టాలని.

"వందేళ్ల ఇనప వంతెనకే రిటైర్మెంట్ ఇచ్చేశారండి, పెద్దిరాజు గారూ. మీది ఆరొందలేళ్లదంటున్నారు. ఇంక దాన్ని వదిలెయ్యండి పాపం," అన్నారాయన.

"మా వంతెన ఉద్యోగం చెయ్యట్లేదండి, రిటైరవడానికి. కాపరం చేస్తోంది," అన్నారు నాన్న.

ఇంజినీరు గారితో పాటు పురావస్తు శాఖ నుంచి కౌముది అనే అమ్మాయి వచ్చింది. నా వయసే ఉంటుంది. బండ గట్టిగా ఉందని ఇంజినీరు రాసిస్తే రక్షిత కట్టడం కింద ప్రతిపాదన పంపుతానంది. ఆయన ఆలోచించి, కోతలవగానే, ధాన్యం బండ్లు ఎక్కకముందే, కంకర నింపిన లారీని వంతెన మీద నడుపుదామన్నారు. బండ కదిలితే పడగొట్టడమే. కదలకపోతే కొత్త వంతెన ఎగువకి జరుపుతానన్నారు. లారీ మాట కౌముదికి నచ్చలేదు. "రోజూ బస్సు పోతోంది, చెరకు ట్రాక్టర్లు పోతున్నాయి, వాటినేం చేస్తారమ్మా?" అని ఆయన తీసిపారేశారు.

అప్పుడే నాన్న నా పేరు చెప్పారు. ఆ ఏడు మొదటి బండి లారీయే కాబట్టి పూచీ కూడా దానికే. స్కూటర్ మీంచి పడి ఆయన కాలు విరిగింది గనక దిగేది నేను.

*

దసరా సెలవులు ఇంకా మిగిలి ఉన్నాయి. కౌముదికి టేపు పట్టుకునే పని నాకు పడింది.

ఒక దిమ్మ మీద అక్షరాలున్నాయని ఊరందరికీ తెలుసు, చదివినవాళ్లు లేరు. ఆమె తడి కాగితం రాతికి అతికించి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దింది. నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు లేచాయి. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని కూడబలుక్కుని చదివింది.

"కట్టించినావిడ పేరు సూరమసాని అండి. ఆవిడ భర్త ఈ వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. ఆయన పుణ్యం కోసం కట్టించిందంట."

"కట్టినవాళ్ల పేరు?" అడిగారు నాన్న.

"లేదండి."

"కింద కూర్చునే మాట?"

"అదీ లేదండి."

"మా వాళ్ల పేరు రాతి మీద ఎందుకు లెండి. రాతి కిందే ఉంది," అన్నారు నాన్న.

మా అమ్మ రామతులసి గుమ్మంలో నిలబడి ఇదంతా విని, "ఆవిడకి పిల్లలున్నారా అమ్మాయ్?" అని అడిగింది. కౌముది కాగితం మళ్లీ చూసి, రాయలేదండి, అంది. అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న ఇద్దరం నడిమి కానా కిందికి వెళ్లాం. నేను పెద్దయ్యాక అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి. తల పైన బండలు వరసగా, దగ్గర దగ్గరగా, పడుకున్న పశువుల్లా ఉన్నాయి. పగులు ఒక బండలో అడ్డంగా, వేలిగోరు పట్టేంత. కౌముది చిన్న నిచ్చెన ఎక్కి, పగులుకి అడ్డంగా సన్నని గాజు పలక ఆన్చి, రెండు చివరలా సిమెంటు పెట్టింది.

"ఇదేంటండి?"

"బండ ఏ కాస్త కదిలినా గాజు విరిగిపోతుంది. పరీక్ష అయ్యాక ఇదే చూస్తారు. మనమైతే ఒకళ్ల మొహం చూసి మాట మార్చుకుంటాం. గాజుకి మొహమాటం ఉండదు."

అప్పుడే పైనుంచి బస్సు వెళ్లింది. ఏం జరగలేదు. సన్నగా ధూళి రాలింది, అంతే. నా భుజాల మీద, చేతుల మీద పడింది. నేను దులుపుకోలేదు. దులుపుకుంటే భయపడ్డానని ఆమెకి తెలిసిపోతుంది.

"మీరు కూర్చోనక్కర్లేదు, తెలుసా," అంది ఆమె నిచ్చెన దిగుతూ. "మీ నాన్నగారికి నేను చెప్పనా?"

చెప్పమనాలనిపించింది. ఆ మాట నోటి దాకా వచ్చింది. "వద్దు లెండి," అన్నాను. భయపడేవాడు అన్నిటికంటే ఎక్కువగా కాపాడుకునేది తన భయాన్నేనేమో. ఇంకొకళ్ల చేతిలో పెట్టడానికి ఒప్పుకోడు.

ఆ సెలవుల్లో రోజూ లేవగానే వాగుకి వెళ్లి ఆ గాజు చూసేవాణ్ణి. విరగలేదు. విరగలేదని ఊరట కలిగేది కాదు. ఇవాళ విరగలేదు కాబట్టి విరగడం పరీక్ష రోజుకి మిగిలి ఉందనిపించేది.

*

ఊళ్లో మాట పాకింది. పక్కింటి రత్నమాణిక్యం గారు గోడ మీంచి తొంగిచూసి, "ఏం నాయనా, చాకుపీసు పట్టుకునే చేత్తో వంతెన ఆపుతావా?" అంది.

"వంతెన చేత్తో ఆపరు వదినా, కింద కూర్చుంటారు," అంది అమ్మ. "కావాలంటే మీ ఆయన్ని కూచోమను."

"మా ఆయనా! పీట మీద కూచోటానికే ఆపసోపాలు పడతాడు. లేపడానికి మళ్లీ లారీ కావాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నవ్వు నా ముఖం మీద ఎవరిదో చొక్కాలా ఉంది.

నాన్న నాకు మెళకువలు చెప్పేవారు. తూర్పుకేసి కూర్చో. కాళ్లు మడుచుకోకు, తిమ్మిరెక్కుతాయి. పైకి చూడకు, నీళ్ల కేసి చూడు. ఆయన గొంతులో నేనెప్పుడూ వినని ఆప్యాయత ఉంది. నేను సైకాలజీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నప్పుడు కూడా అది లేదు. ఆయన దృష్టిలో నేను మొదటిసారి ఒక పనికి వస్తున్నాను.

"మీకెప్పుడూ భయం వెయ్యలేదా నాన్నగారూ?" అని అడిగాను.

"ఎందుకూ?" అన్నారు.

ఎగతాళి కాదు. నిజంగా తెలియక అడిగారు. ఆ 'ఎందుకూ' నన్ను చాలా రోజులు వదల్లేదు. నా రక్తంలో సగం ఈయనదే కదా, ఆ సగం ఎక్కడికి పోయింది అని వెతుక్కున్నాను.

అమ్మని అడగాల్సిన ప్రశ్న నాకు ముప్పై ఏళ్లు వచ్చాక తట్టింది. ఆవిడ వంటింట్లో చింతపండు పిసుకుతోంది.

"నాన్నగారు కూర్చున్న రోజు నువ్వేం చేసేదానివమ్మా?"

"ఏం చేస్తాను. పొయ్యి వెలిగించను." పిప్పి తీసి పారేసి, "చెవి అటే పెట్టి కూచుంటాను. బండి వంతెన ఎక్కితే మన పెరట్లోకి వినిపిస్తుంది, తెలుసా నీకు? ఎక్కిన చప్పుడు వినిపిస్తుంది గాని దిగింది వినపడదు. అటు పల్లం కదా. మీ నాన్న వచ్చి గాబు దగ్గర కాళ్లు కడుక్కునేదాకా, నాకు ఆ బండి వంతెన మీదే ఉంటుంది."

"ఆయనకి చెప్పావా ఎప్పుడైనా?"

"అడిగితేగా."

చెయ్యి కడుక్కుని, చెంగుకి తుడుచుకుని, "ఇప్పుడు నీక్కూడా చెప్పుండాల్సింది కాదు," అంది.

సెలవులయ్యాక రాజమండ్రి వెళ్లిపోయాను. దానవాయిపేటలో నా గది, నా పుస్తకాలు, కిటికీ లోంచి కనిపించే పక్క మేడ. పరీక్ష రోజుకి రాకుండా ఉండటానికి ఎన్ని దార్లున్నాయో అన్నీ ఆలోచించాను. జ్వరం. ఇన్‌స్పెక్షన్. ప్రిన్సిపాల్ సెలవు ఇవ్వలేదు. క్లాసులో, భయపడే పిల్లవాణ్ణి బలవంతంగా భయం ముందుకి నెట్టకూడదని చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఒక అమ్మాయి, "సార్, తర్వాత?" అంది. తర్వాత ఏముందో పుస్తకంలో ఉంది. నాకు గుర్తు రాలేదు.

చివరికి బస్సెక్కాను. దాన్ని ధైర్యమనలేను. రాజమండ్రిలో కూర్చుంటే ఆ వంతెన రోజుకి ఎన్నోసార్లు కూలుతోంది. అన్నం తింటుంటే కూలుతోంది, పేపర్లు దిద్దుతుంటే కూలుతోంది. ఊరికి వెళ్తే కూలినా ఒక్కసారే అనుకున్నాను.

*

మార్గశిరం మంచు ఇంకా విడలేదు. కంకర లారీ కోరుకొండ వైపు నిలబడి పొగ వదులుతోంది. గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. ఆడవాళ్లు మాత్రం రాలేదు. పూచీ చూడటానికి ఆడవాళ్లు రావడం మా ఊళ్లో లేదు. నాన్నని కుర్చీతో సహా మోసుకొచ్చి మా వైపు గట్టు మీద, వంతెనకి కాస్త పక్కగా కూర్చోబెట్టారు. చంకకర్ర ఒళ్లో పెట్టుకుని, ఉతికిన పంచెలో, పెళ్లివారిలా ఉన్నారు.

"సార్, మనిషిని కిందికి దింపడం తప్పండి," అంది కౌముది ఇంజినీరు గారితో.

"ఆఫీసు పరంగా వంతెన కింద ఎవరూ లేరమ్మా," అన్నారు శశిభూషణ్ గారు ఎటో చూస్తూ. "నేను పైనే చూస్తాను. కింద నాకు కనపడదు."

ఆమె నాన్న వైపు తిరిగింది. "శాసనంలో ఇలాంటిది లేదని చెప్పాను కదండీ."

"రాసింది మీరు చదవండమ్మా. చేసేది మేం చేస్తాం," అన్నారు నాన్న మర్యాదగానే.

లారీ డ్రైవర్ పల్లంరాజు వంతెన మీంచి ఇటు నడిచొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "కింద మీరాండి? నా బండికి ఆయిలు కారుద్దండి. తువ్వాలు కప్పుకోండి, చొక్కా పాడైపోద్ది."

అందరూ నవ్వారు. నేను దిగాను. నాన్న "తూర్పుకేసి," అని వేలితో చూపించారు.

నడిమి కానా కింద ఒక చదును రాయి ఉంది. తరతరాలుగా మావాళ్లు కూర్చుని దాన్ని నునుపు చేశారు. కూర్చోగానే చల్లదనం నడుము దాకా పాకింది. గుండె చప్పుడు బండలకి తగిలి తిరిగి వస్తున్నట్టుంది. ఇది ఎడ్రినలిన్, ఇది ఫలానా గ్రంథి పని అని నాకు నేను పాఠం చెప్పుకున్నాను. పేరు పెడితే భయం తగ్గుతుందని నా నోట్సులో ఉంది. పేర్లన్నీ అయిపోయాయి, అది అలాగే ఉంది. పైకి చూడొద్దన్నారు గనక నీళ్ల కేసి చూశాను. నీళ్లలో కూడా బండలే కనిపించాయి, గాజు పలకతో సహా.

దిగువ వైపునుంచి నీళ్ల చప్పుడు. తిరిగి చూస్తే అమ్మ. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, దిమ్మలు పట్టుకుంటూ, మంచులోంచి వస్తోంది.

"అమ్మా! ఏంటిది?"

"జరుగు."

"నాన్నగారికి తెలుసా?"

"తెలిస్తే రానిస్తారా? చాకిరేవు వైపునుంచి వచ్చాను." నా పక్కన కూర్చుంది. ఆ రాయి ఇద్దరికి సరిపోదు. సగం నీళ్లలో ఉన్నట్టే కూర్చుంది.

"వెళ్లిపోమ్మా. నీకు దణ్ణం పెడతాను."

"ఇంట్లో కూచోలేను బుజ్జీ. మీ నాన్నప్పుడు కూచున్నాను. నీకు కూచోలేను." తల ఎత్తి బండలని చూసింది, కొత్తగా కట్టిన ఇల్లు చూడటానికి వచ్చినదానిలా. "ఇంతేనా? నేనింకా చీకటిగా ఉంటుందనుకున్నాను."

లారీ కదిలింది. వంతెన ఎక్కిన చప్పుడు పైనుంచి రాలేదు. నేను కూర్చున్న రాయిలోంచి వచ్చింది, తుంటి ఎముకల్లోంచి వెన్నులోకి. మొదటి కానా. రెండో కానా. బండలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పళ్లు నూరినట్టు శబ్దం చేశాయి. ధూళి రాలింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. నొక్కలేదు. నాడి చూస్తున్నదానిలా ఊరికే వేళ్లు ఆన్చింది. ఆవిడ వేళ్లు వెచ్చగా ఉన్నాయి.

మంచు అప్పుడే విడిపోతోందేమో. గట్టు మీదున్న నాన్నకి దిమ్మల మధ్యలోంచి ఆవిడ చీర కనిపించిందేమో.

"తులసీ!"

అది ఎవరి పేరో నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు. మా ఇంట్లో ఆ పేరు వినిపించదు. నాన్న అమ్మని "ఇదిగో" అంటారు, "ఎక్కడున్నావ్" అంటారు. లేకపోతే గొంతు సవరించుకుంటారు. అమ్మ వేళ్లు నా మణికట్టు మీంచి లేచాయి.

"తులసీ! ఆపండ్రా, ఆపండి! తులసీ!"

చక్రాల కింద ఎవరో పడ్డారనుకున్నాడు పల్లంరాజు. బ్రేకు తొక్కాడు. లారీ ఒక్క కుదుపు కుదిపి, ఇంజిన్ ఆగిపోయింది. సరిగ్గా మా నెత్తి మీద.

అంత నిశ్శబ్దం నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. లారీలో కంకర సర్దుకుంటున్న చప్పుడు. ఒక చుక్క నూనె నీళ్లలో పడి రంగులుగా విచ్చుకుంది.

"ఆపొద్దు! పోనీ! నడి కానా మీద ఆపుతావేంటయ్యా, పోనీ!" ఇంజినీరు గారి గొంతు కీచుమంది. స్టార్టర్ మూలిగి ఆగింది. మళ్లీ మూలిగింది.

లేచి పరిగెత్తొచ్చు. చుట్టూ తెరిచే ఉంది. నా కాళ్లకి ఆ సంగతి చేరలేదు. నాన్న చెప్పింది మరిచిపోయి పైకి చూశాను. గాజు పలక అక్కడే ఉంది. దాని అంచున మంచు చుక్క. అది విరగడం కోసం చూశాను. ఎదురుచూశాననాలి. విరిగితే ఇదంతా అయిపోతుంది.

"తులసీ! బయటికి రా!"

"రమ్మంటున్నారు," అన్నాను.

"వింటున్నాను," అంది అమ్మ.

ఆవిడ పైకి చూడటం లేదు. గొంతు వచ్చిన వైపే చూస్తోంది. ఆ ముఖంలో భయం లేదు. సంతోషమని కూడా అనలేను. ఏళ్ల తరబడి ఒక్కతే పలుకుతున్న మాటకి ఎవరో బదులు పలికితే మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

స్టార్టర్ అందుకుంది. లారీ వణికి, కదిలి, ముందుకి వెళ్లింది. చక్రాలన్నీ నేల మీదికి దిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"దిగింది," అంది అమ్మ.

*

ఇంజినీరు గారు నిచ్చెన వేయించి, టార్చి వేసి గాజు చూశారు. చెక్కు చెదరలేదు. "పోతున్న బరువుకన్నా నిలబడ్డ బరువు ఎక్కువ పరీక్షండి. మీ నాన్నగారు నాకు చెప్పకుండా అసలు పరీక్ష పెట్టించేశారు," అని నా వీపు తట్టారు. వంతెన గట్టిగా ఉందని రాసిచ్చారు. కొత్తది ఎగువకి జరిగింది. కౌముది ప్రతిపాదన పంపింది, తర్వాత నీలం రంగు బోర్డు కూడా వచ్చింది.

వంతెన నిలిచింది. దాని మీద నడిచేవాళ్లే లేకపోయారు.

ఊరు గాజు చూడలేదు. ఊరు విన్నది నాన్న అరుపు. "పూచీ ఇచ్చినాయనే ఆపమని అరిచారండి. ఆయనకి తెలీకుండా అరుస్తారా?" అన్నారు. ఆ కోతలకి ధాన్యం బండ్లు వంతెన పక్కనుంచి వాగులోకి దిగి, ఇసకలో కూరుకుపోతూ, ఎద్దుల్ని కొట్టి తోలుకుంటూ అవతలి గట్టెక్కేవి. బస్సు వంతెన ముందు ఆగేది. జనం దిగి, చెప్పులు చేత పట్టుకుని నీళ్లలో నడిచి, అవతల మళ్లీ ఎక్కేవాళ్లు. ఖాళీ బస్సుని డ్రైవర్ ఒక్కడే దాటించేవాడు.

నాన్న మంచం వీధి అరుగు మీంచి పెరటి వసారాలోకి మార్పించుకున్నారు. అక్కడినుంచి వంతెన కనపడదు. నూతి గట్టు కనిపిస్తుంది. అమ్మ బిందె తీసుకుని వెళ్తే ఆయన చూపు వెంట వెళ్లేది. కాస్త ఆలస్యమైతే, "ఎక్కడున్నావ్?" ఆవిడ "ఇక్కడే," అనేది. మళ్లీ కాసేపటికి, "ఎక్కడున్నావ్?" రత్నమాణిక్యం గారు గోడ అవతలనుంచి, "తులసీ అని పిలవండి అన్నయ్య గారూ, ఊరంతా విన్నాం కదా, ఇంకా సిగ్గెందుకూ," అంటే తల తిప్పుకునేవారు. ఆ పేరు మళ్లీ ఆయన నోట నేను వినలేదు. పెరట్లో కొబ్బరికాయ రాలినా ఉలిక్కిపడేవారు. భయం ఆయనకి కొత్త. ఎలా కూర్చోవాలో, ఎటు చూడాలో ఆయనకి చెప్పేవాళ్లు లేరు.

నా భయం మాత్రం పోలేదు, చోటు మార్చుకుంది. వారం వారం ఇంటికి వచ్చేవాణ్ణి, ఒక ప్రశ్న మింగుకుని తిరిగి వెళ్లేవాణ్ణి. ఆయన అన్నిసార్లు అరిచారు. అన్నిసార్లూ ఒకటే పేరు. అమ్మ పక్కన నేనూ ఉన్నాను. లారీ మొదటి కానా దాటింది, రెండోది దాటింది, కింద నేనున్నానని ఆయనకి తెలుసు. అప్పుడు ఆయన కదలలేదు. ఆ ప్రశ్న అడిగితే వచ్చే జవాబు బండకన్నా బరువుగా ఉంటుందని భయపడ్డాను.

పిండికట్టు తీసేసిన రోజు, సాయంత్రం బస్సుకి బయల్దేరుతూ ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన కాలు పాలిపోయి, సన్నగా, ఎవరిదో పిల్లవాడి కాలిలా ఉంది. అమ్మ నూతి దగ్గర ఉంది.

"నాన్నగారూ, ఆ రోజు నన్ను పిలవలేదేం?"

అడిగేశాక మంచం కోడు పట్టుకున్నాను.

ఆయన చాలాసేపు కాలు రుద్దుకున్నారు. నాకేసి చూడకుండా, "ఆవిడ తనంతట తాను వెళ్లింది," అన్నారు. మళ్లీ రుద్దుకున్నారు. "నిన్ను నేను పంపించాను. పంపినవాణ్ణి ఏ నోటితో పిలవమంటావురా?"

నూతి గిలక చప్పుడు ఆగింది. "ఎక్కడున్నావ్?" అన్నారు అటు తిరిగి. "ఇక్కడే," అంది అమ్మ.

"వెళ్లు, బస్సుకి టైమైంది," అన్నారు నాతో.

సంచీ తీసుకున్నాను. అమ్మకి చెప్పి, వసారా దిగి, పెరటి తలుపు దాటి సందులోకి వచ్చాను.

"బుజ్జీ!"

వెనక్కి వెళ్లాను. నాన్న మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు, కట్టు తీసిన కాలు నేలకి ఆనించి. ఏదో చెబుతారని నిలబడ్డాను.

"ఏం లేదు. వెళ్లు," అన్నారు.

మళ్లీ బయల్దేరాను. సందు మలుపు తిరగకముందే ఇంకోసారి పిలిచారు.